కుట్టని రెండో జత

నిన్న పొద్దున షాపు తెరిచి మిషన్‌కు నూనె వేస్తున్నాను. ఎవరో వచ్చి బల్లను వేలి కణుపుతో టక్ టక్‌మని కొట్టారు. ఆ దెబ్బ నాకు తెలుసు. ఆ దెబ్బ కొట్టే మనిషిని పోయిన కార్తీకంలో కాష్టం మీద పెట్టి వచ్చాం.

తల ఎత్తితే అతని కొడుకు. చంకలో నల్లగుడ్డ.

వాడి సంగతి తర్వాత చెప్తాను. ముందు తండ్రి గురించి చెప్పాలి. లేకపోతే నిన్న నేను చేసింది మీకు మొరటు పనిగా కనబడుతుంది. మొరటుదే అనుకున్నా నాకు ఫికర్ లేదు. అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, సుతిమెత్తగా రాయడం నాకు రాదు.

పేరు రాయను. అతని భార్య ఇంకా మా గల్లీలోనే ఉంది. కాజీపేటలో అందరూ ఫిట్టరన్న అనేవాళ్లు, నేను ఫిట్టర్ అనేవాణ్ణి. రైల్వేలో చేసేవాడు. చక్రాన్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చెప్పడంతో అతని నౌకరీ మొదలైంది. ఆ అలవాటు చేతిని వదల్లేదు. ఏ వస్తువు కనబడినా కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టేవాడు. పుచ్చకాయను కొట్టేవాడు, కుండను కొట్టేవాడు, పక్కింటి పసిపిల్లల నెత్తిని కూడా మెల్లగా కొట్టి "మంచిగున్నది, పంపొచ్చు" అనేవాడు. నా కుట్టుమిషన్ చక్రాన్ని కొట్టి, "భాయ్, నీ బేరింగ్ పోతాంది" అనేవాడు.

"నాది మంచిగనే ఉన్నది. నీది చూస్కో" అనేవాణ్ణి.

"నాకేం బీమారి? నేను లోకోను భాయ్. బ్రేక్ వేస్తే ఆగుత."

తాగుడు గురించే ఆ మాట. అతను తాగేవాడు. మొదట్లో అందరిలాగే జీతం రోజున, దావత్‌లో. పోను పోను పొద్దున లేవగానే, పండ్లు తోమకముందే. అలమారాలో సీసా ఉండేది. ఒక గుక్క పడితే గాని గ్లాసు నిలకడగా పట్టలేకపోయేవాడు. కానీ ఈ సంగతి మాకు రోగంలా అనిపించలేదు. ఎందుకంటే ప్రతి కార్తీకంలో అతను అయ్యప్ప మాల వేసుకునేవాడు. మాల పడిందంటే ఒక్క చుక్క ముట్టడు. చెప్పులు లేవు, మంచం లేదు, చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు. కొండకు పోయి మాల తీసేదాకా ఆ మనిషే వేరు.

"తాగుడు బీమారే అయితే మాల ఎట్ల వేసుకుంట భాయ్? స్విచ్ వేసినట్టు బంద్ పెడ్తలేనా?" అనేవాడు. నిజమే కదా అనుకునేవాళ్లం. గల్లీలో ఆడవాళ్లు తమ మొగుళ్లను అతని దగ్గరికి పంపేవాళ్లు. "ఫిట్టరన్నా, మాయనకు గూడ జర మాల వేయించరాదే" అని. మా దిక్కున తాగుడుకు అదే పెద్ద వైద్యం. దాని తర్వాత తాయత్తు. దాని తర్వాత వర్ధన్నపేట అవతల ఎవరో ఇచ్చే పొడి. మనిషికి తెలియకుండా కూరలో కలపాలట. అతని భార్య అదీ కలిపింది. అతను రెండు రోజులు కక్కి, లేచి, నేరుగా వైన్స్ దుకాణానికి నడిచాడు.

మాలలో ఉన్నప్పుడు అందరినీ స్వామి అనేవాడు, నన్ను కూడా.

"స్వామీ, కాజాలు జర గట్టిగ కుట్టుండ్రి."

"నన్ను స్వామి అనకు. మా మౌల్వీసాబ్ వింటే ముందు నన్ను కుడ్తడు."

"మా స్వామి దోస్తు మీవోడే. కొండకు పోతే మొదలు మసీదుకే పోయి దండం పెడ్తం. నువ్వు నాకు సగం స్వామివి."

ఆడవాళ్లందరూ మాతలే. భార్యను కూడా మాతా అనే పిలవాలి. ఆమె నోరు కూడా తక్కువది కాదు. ఒకసారి షాపు ముందరే అన్నది: "ఈ మండలం దినాలు నేను మాతను భాయ్. మిగిలిన దినాలు నేనేందో ఈయన్నే అడుగు." అతను నవ్వలేదు. బల్లను ఒకసారి కొట్టి, చప్పుడు విని, పోయాడు.

కొండ నుంచి వచ్చాక ముందు నా దగ్గరికే వచ్చేవాడు. అరవణ ప్రసాదం డబ్బా ఇచ్చేవాడు. ఖాళీ అయిన డబ్బాల్లో నేను గుండీలు వేసుకుంటాను. నా షెల్ఫ్ మీద వరసగా ఉన్నవన్నీ అతను తెచ్చినవే. డబ్బా ఇచ్చిన సాయంత్రమే వైన్స్ ముందు కనబడేవాడు.

నల్లబట్టలు ఒక జత ముందే కుట్టించేవాడు. రెండో జతకు మాల పడిన మర్నాడో, ఆ మర్నాడో వచ్చేవాడు. ప్రతి ఏడూ కొలతకు "చెయ్యి చాపు" అనేవాణ్ణి. మొదటి ఏండ్లలో ఆ చెయ్యి ఇనుప కమ్మీలా ఉండేది. తర్వాత సన్నగా వణుకు పట్టింది. "చన్నీళ్ల తానం భాయ్" అన్నాడు. మరుసటేడు ఇంకొంచెం. ఆ తర్వాత టేపు చివర ఊగడం నాకు కనబడింది. చేతులు సన్నబడ్డాయి, నడుము మాత్రం పెరిగింది. "భిక్ష తిండి" అన్నాడు. నేనూ నవ్వాను. నాకు ఏం తెలుసు? చలికాలంలో ఎవరికైనా వణుకు వస్తుంది అనుకున్నాను. అయితే ఆ చెమట ఏమిటో మాత్రం అర్థం కాలేదు. వణికే మనిషికి చెమట పడుతోంది.

పదిహేడో మాల పడిన మూడోనాడు రెండో జత ఇవ్వడానికి నేనే పోయాను. రైల్వే క్వార్టర్ల వెనక షామియానా వేసి పీఠం పెట్టుకుంటారు. పొద్దు గూకుతోంది, భజన నడుస్తోంది. నేను పందిరి బయట నిలబడ్డాను. లోపల అతను మెట్ల పూజ ముందు కూర్చుని ఊగుతున్నాడు. కండ్లు ఎక్కడో ఉన్నాయి. గాలిలోంచి ఏవో ఏరి పక్కన పెడుతున్నాడు. లేనివాళ్లతో మాట్లాడుతున్నాడు. ఒకరు అరిచారు: "స్వామి వచ్చిండు!"

అంతే, డోలు రెండింతలైంది. జనం మీద పడ్డారు. హారతి పళ్లెం పట్టుకుని కాళ్ల దగ్గర కూర్చున్నది అతని కొడుకే. ఒకామె పసిపిల్లను అతని ఒడిలో పెట్టింది. ఇంకొకాయన అడిగాడు: "స్వామీ, మా పోరనికి నౌకరి ఎప్పుడొస్తది?"

"సిగ్నల్ పడలే" అన్నాడు ఫిట్టర్. "సిగ్నల్ పడలే. తొలగుండ్రి, తొలగుండ్రి. మంది పట్టాల మీదున్నరు."

"ఇంకా టైమ్ రాలేదంటాండు స్వామి!" అని పక్కనున్నవాళ్లు అర్థం చెప్పారు.

అతని వేలు గాలిని కొడుతోంది. కొట్టి చెవి పెడుతున్నాడు. చప్పుడు రాక మళ్లీ కొడుతున్నాడు. అందరూ వంగి దండం పెడుతుంటే ఒక్క ఆమె వంగలేదు, అతని భార్య. జనంలోంచి తోసుకుని నా దగ్గరికి వచ్చింది.

"భాయ్, వచ్చింది స్వామి గాదు. నిన్నటి సంది నీళ్లు గూడ మింగుతలేడు. గోడ మీద చీమలు పాకుతానయని రాత్రంత దులిపిండు. నన్ను గుర్తుపడ్తలేడు."

ఆమె మాట పూర్తికాకముందే అతను వెనక్కి విరుచుకు పడ్డాడు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నాయి. నోట్లో నురగ. "స్వామి పోతాండు, ఎవ్వరు ముట్టకుండ్రి" అని మాల వేసిన గురుస్వామి కేక వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. అది నిజమనే నమ్మాడు. నేను చెప్పులు విడిచి లోపలికి పోయాను.

"భాయ్, నువ్వు ముట్టొద్దు. మైలైతది" అన్నారెవరో.

"ముట్టకపోతే సస్తడు. నేను ముట్టినంక తానం పోయుండ్రి. ముందైతే ఆటో పిలువుండ్రి."

హనుమకొండ దాటి పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. సూది మందులిచ్చారు, మంచానికి గుడ్డలతో కట్టారు. రెండు రోజులకు మనిషి మనిషయ్యాడు. వేరే వార్డుకు మార్చారు. కండ్లు తెరిచి, "ఇదేం వార్డు భాయ్?" అన్నాడు. నాకు బోర్డు చదవడం నిదానం. తలుపు మీద ఉన్నది కూడబలుక్కుంటూ పైకే చదివాను. "మా-న-సి-క..."

"నన్ను పిచ్చోళ్ల కాడ పండబెట్టినవా!"

"నీ పక్క మంచమాయన లెక్చరర్. ఆ పక్కాయన కండక్టర్. అందరు నీ బాపతే. పండుకో."

డాక్టరమ్మ చిన్న వయసామె. వచ్చి అతని పొట్ట మీద ఒక చెయ్యి పరిచి, ఇంకో చేతి వేలితో దాని మీద టక్ టక్‌మని కొట్టింది. పక్కకు జరిపి మళ్లీ కొట్టింది. ఫిట్టర్ ముఖం వెలిగిపోయింది.

"మేడం గూడ ఫిట్టరే భాయ్! ఏం చప్పుడొచ్చింది మేడం?"

ఆమె నవ్వలేదు. "నీళ్ల చప్పుడు" అన్నది.

తర్వాత నన్ను, అతని భార్యను పక్కకు పిలిచింది. "రోజూ పొద్దున్నే తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వచ్చేదే ఇది. వణుకు, చెమట, ఫిట్స్, లేనివి కనబడుడు. ప్రాణం పోవచ్చు."

నాకు కోపం వచ్చింది. "అదేంది బిడ్డా, తాగితే సస్తడంటరు, ఆపితే సస్తడంటరు. ఏం చేయమంటవు?"

"ఆపొద్దంటలేను పెద్దయ్యా. ఒక్కడే, ఇంట్ల, ఒక్క దెబ్బకు ఆపొద్దంటున్న. ఇక్కడ అడ్మిట్ అయి ఆపాలె. మేం గోళీలిచ్చి మెల్లమెల్లగ దించుతం. తర్వాత కౌన్సిలింగ్ ఉంటది, ఇంట్లోళ్లు గూడ రావాలె. మానినోళ్లు వారం వారం కూసుండే గ్రూపు ఉన్నది. మధ్యల జారితే సిగ్గుపడి ఇంట్ల కూసోవద్దు, మళ్ల రావాలె. ఇంకో మాట." ఆమె గొంతు తగ్గించింది. "ప్రతి ఏడు ఇట్ల ఆపుడు, మళ్ల తాగుడు. అందుకే ఏడాదికేడాది ఎక్కువైతాంది. వచ్చేసారి ఇంట్ల ఇట్లనే ఆపితే, ఇంతకన్న గట్టిగ వస్తది."

అప్పుడు నాకు ఆ టేపు చివర గుర్తొచ్చింది. మేము మొక్కిన స్విచ్ ఇదా అనుకున్నాను.

ఆ ఏడు అతని మెడలో మాల అలాగే ఉంచారు. డాక్టరమ్మ, నర్సులు ఎవరూ వద్దనలేదు. తేరుకున్నాక గోళీలు మింగుతూనే కొండకు పోయి వచ్చాడు. ఇరుముడి మూటలో గోళీల పొట్లం కట్టి పంపింది భార్యే. గురుస్వామి కూడా సరేనన్నాడు. తిరిగొచ్చి నాకు డబ్బా ఇచ్చాడు. ఆ సాయంత్రం నేను కావాలనే వైన్స్ దిక్కు నడిచి చూశాను. లేడు. ఆ కొన్ని నెలలు నేను చూసిన ఫిట్టరే అసలు మనిషి అనుకుంటాను. వారం వారం భార్యను బండి మీద ఎక్కించుకుని గ్రూపుకు పోయేవాడు. వచ్చి, "ఇయ్యాల లెక్చరర్ ఏడ్చిండు భాయ్. నేను కుర్చీ కొట్టి చూసిన. నాలుగు కాళ్లు మంచిగనే ఉన్నయి, మనిషే లూజున్నడు" అని నవ్వించేవాడు.

కానీ గల్లీ ఊరుకుంటుందా? అప్పటికే గల్లీలో కథ వేరే తయారైంది. స్వామి నిజంగానే వచ్చాడనీ, ఈ దర్జీ భాయ్ స్వామిని ఆటోలో ఎక్కించి దవాఖానలో దింపి వచ్చాడనీ. నన్ను చూస్తే చాయ్ హోటల్లో నవ్వేవాళ్లు. "భాయ్, దేవునికి గ్లూకోజ్ పెట్టించినవట గద!" నేను పట్టించుకోలేదు. అతనికి మాత్రం తగిలింది. "గోళీలు మింగుకుంట పోయినోనిది గూడ యాత్రేనా?" అని ఎవరో అన్నారు. రోగి అనిపించుకోవడం ఎవరికి ఇష్టం? దేవుడు వచ్చినవాడు అనిపించుకోవడం ఎవరికి చేదు? మెల్లగా అతను కూడా ఆ రెండో కథలోకి జరిగాడు.

రిటైర్మెంట్ దావత్‌లో దండలు వేశారు, గ్లాసు చేతిలో పెట్టారు. ఆ తర్వాత సిగ్గుతో గ్రూపుకు పోలేదు. భార్య అడిగితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. అలమారాలోకి సీసా మళ్లీ వచ్చింది.

ఎండలు తగ్గాక ఒకరోజు పోయేసరికి ఇంటి ముందు పెయింట్ డబ్బాలో కొబ్బరి మొక్క ఉంది. పద్దెనిమిదోసారి కొండెక్కేవాళ్లు కొబ్బరి మొక్క తీసుకుపోయి అక్కడ నాటుతారు. దాంతో మనిషి గురుస్వామి అవుతాడు. అతను మొక్క ముందు కూర్చుని డబ్బాను కొట్టి వింటున్నాడు.

"కార్తీకానికి ముందుగాల దవాఖాన. అటెనుక మాల. డాక్టరమ్మ ఏం చెప్పిందో యాదున్నదా?" అన్నాను.

"పద్దెనిమిదో ఏడు భాయ్. గోళీలు మింగి పోతే కొండెక్కింది నేనా, గోళీలా?"

"మీ గురుస్వామి షుగర్ గోళీ మింగుకుంట ఎక్కుతలేడా?"

"అది బీమారి."

"మరి ఇది?"

డబ్బాను ఇంకోసారి కొట్టాడు. చాలాసేపు విన్నాడు. "అయ్యో, సరే తీయ్. సోమవారం పోదాం" అన్నాడు.

సోమవారం నేను షాపు తెరవలేదు. అతని భార్య బట్టల మూట కట్టి, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని గడపలో కూర్చుంది. అతను ఇంట్లో లేడు. పొద్దెక్కాక వచ్చాడు. నల్లబట్టలు, మెడలో మాల, నొసట గంధం. తెల్లవారుజామునే గుడికి పోయి వేయించుకున్నాడు.

"స్వామి శరణం" అన్నాడు మమ్మల్ని చూసి. కండ్లు దించుకున్నాడు.

ఆమె ఫ్లాస్కు మూత బిగించింది.

"మాలతోనే పోదాం నడువు. పోయినసారి ఉంటివి గద" అన్నాను.

"పోయినసారిది మైలపడ్డ యాత్ర భాయ్. శవాలు లేచే కాడ పండుకొని వచ్చిన. ఈసారి అట్ల గాదు." అని నవ్వాడు. "రెండో జత కొలత తీస్కో."

"చెయ్యి చాపు" అన్నాను.

చాపాడు. వణకలేదు. ఏండ్ల తర్వాత ఆ చెయ్యి ఇనుప కమ్మీలా నిలబడింది. అప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది. గుడి మెట్లెక్కేదాకా తాగి, ఆపై స్నానం చేసి మాల వేసుకున్న చెయ్యి అది. లోపల ఉన్నది దిగిపోవడం ఇంకా మొదలు కాలేదు.

"నీకు రెండో జత కుట్టను. వార్డుల చేరు, మంచం కాడికే తెచ్చిస్త."

"ఒక జతతోటే పోత తియ్, సగం స్వామీ" అని నా భుజం మీద కణుపుతో కొట్టి పోయాడు.

అతని భార్య, నేను రోజూ బతిమాలాం. గురుస్వామి దగ్గరికీ పోయాను. "నేను చెప్పిన భాయ్, వింటలేడు. స్వామే చూస్కుంటడు" అన్నాడాయన.

మూడోనాడు మధ్యాహ్నం నమాజు చదివి వచ్చేసరికి ఆమె షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు కూడా లేవు. "మళ్ల వచ్చిండంటానరు భాయ్. తలుపు దగ్గరికేసి భజన చేస్తానరు. మా పోరడే నన్ను బయటికి దొబ్బిండు, స్వామికి అడ్డం రాకు అని."

తలుపు తోసుకుని పోయాను. ఈసారి ఎవరితోనూ మాట్లాడలేదు. అతను ఒంటి మీద నల్లబట్ట తడిసి అంటుకుపోయి, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఫిట్స్ ఒకసారి వచ్చిపోయిందట. నేనూ ఆమే లేపి ఆటోలో వేశాం. కొడుకు గడపలోనే నిలబడ్డాడు, చేతిలో హారతి పళ్లెంతో.

ఆటోలో అతని తల నా ఒళ్లో ఉంది. వేలు మాత్రం ఆటో కమ్మీని కొడుతోంది. టక్ టక్. ఆగి వింటాడు. టక్ టక్. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేదాకా వినబడింది. బ్రిడ్జి దిగేటప్పుడు వినబడలేదు. ఆమె ముందుకు వంగి అతని వేలు పట్టుకుంది, తానే కమ్మీ మీద పెట్టింది. అది జారిపోయింది.

కాష్టం దగ్గర గురుస్వామి ఏడ్చాడు. "పద్దెనిమిదో ఏట స్వామే తీస్కపోయిండు" అన్నాడు. అందరూ తలలూపారు. ఎంత పుణ్యం అన్నారు. కొడుకు కూడా ఊపాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ తల ఊపడం నాకు నచ్చలేదు.

ఇక నిన్నటి సంగతి.

"చాచా, మొదటి మాల, కన్నెస్వామిగ వేసుకుంటాన. బాపు మొక్కను నేనే తీస్కపోత" అన్నాడు వాడు నల్లగుడ్డ విప్పుతూ. వాడూ తాగుతాడని గల్లీ అంతటికీ తెలుసు. కండ్ల కింద వాపు, తండ్రిదే ముఖం.

టేపు మెడలోంచి తీశాను. "చెయ్యి చాపు."

చాపాడు. టేపు చివర ఊగింది.

"పొద్దుగాల తాగినవారా?"

వాడి ముఖం గర్వంతో వెలిగింది. "లేదు చాచా! నిన్న పొద్దటి సంది బంద్. మాల పడకముందే బంద్ పెట్టిన. స్విచ్ వేసినట్టు."

నుదుటి మీద చెమట. ఫ్యాను కింద నిలబడ్డాడు, అయినా చెమట.

నేను టేపు చుట్టేశాను. గుడ్డ మడిచి షెల్ఫ్ మీద, గుండీల డబ్బాల పక్కన పెట్టాను. "గుడ్డ నా కాడుంటది. నువ్వు వార్డు నుంచి వచ్చినంక కొలత తీస్త. మీ అమ్మను పిలువు."

"చాచా, ఏమంటానవ్? మాల..."

"మాల యాడికి పోదు. స్వామి యాడికి పోడు. నువ్వే పోతవ్. నడువ్."

వాడు కదల్లేదు. చెయ్యి పట్టి గుంజాను. ముసలివాణ్ణి, వాడు తోసేస్తే పడిపోయేవాణ్ణి. తోసేందుకు చెయ్యి ఎత్తాడు కూడా. ఎత్తిన ఆ చెయ్యి తన కండ్ల ముందే వణుకుతుంటే చూసుకున్నాడు. "బాపుది గిట్లనే ఉండెనా చాచా?" అన్నాడు.

"గిట్లనే."

షటర్ దించాను. వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది, చేతిలో అదే ఫ్లాస్కు. ఆటోలో వాణ్ణి మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకున్నాం. వాడి వేలు కమ్మీ మీదికి పోయి టక్ టక్‌మని కొట్టింది. ఆమె గబుక్కున నా దిక్కు చూసింది. నేను ఆ వేలు పట్టుకుని నా గుప్పిట్లో మూశాను.

"ఏమన్న మాట్లాడురా" అన్నాను. "ఏదన్న చెప్పు. ఆపకు."

వాడు చిన్నప్పుడు తండ్రి ఇంజన్ ఎక్కించిన సంగతి మొదలుపెట్టాడు. బ్రిడ్జి వచ్చింది. ఎక్కాం. నడుమ వాడి గొంతు తడబడితే, "ఆపకు, అటెనుక?" అన్నాను. దిగువ దాకా అడుగుతూనే ఉన్నాను.